చెరిపేసిన గుర్తు

ఆ బంతి గీత మీద పడిందా, అవతల పడిందా అన్న సందేహం ఎనిమిదేళ్లుగా ఆమెను వదల్లేదు. దేవుడికి దండం పెట్టుకుందామని కళ్లు మూసుకున్నా ఆ మట్టి కోర్టే కనబడేది.

రేపే ప్రొఫెషనల్‌గా ఆమె మొదటి టెన్నిస్ మ్యాచ్. రాకెట్లకు స్ట్రింగులు బిగించే గదికి వెళితే, అక్కడ పనిచేస్తున్నది ఆనాటి జూనియర్ ఫైనల్లో తన చేతిలో ఓడిన అమ్మాయి, తను అక్కా అని పిలిచే సీనియర్.

"ఎంత గట్టిగా బిగించమంటావు చెల్లీ?"

"అక్కా, ఆ రోజు నీ చివరి బంతి అవుటన్నాను కదా..."

"అంపైరు లేడు. నీ వైపు పడింది నువ్వే చెప్పాలి. చెప్పావు."

"చూడకుండానే చెప్పానక్కా. నువ్వు మట్టిలో బంతి గుర్తు చూడ్డానికి వస్తుంటే భయమేసి కాలితో చెరిపేశాను. ఆ గెలుపుతోనే నాకు అకాడమీలో సీటొచ్చింది."

స్ట్రింగు లాగుతున్న చెయ్యి ఆగింది. "చెరపడం చూశాను. తెలిసే మోసం చేశావని ఇన్నేళ్లూ తిట్టుకున్నా. నీకూ తెలీదన్నమాట!"

"తెలిసుంటే ఒక్కసారి ఏడ్చి ఊరుకునేదాన్ని."

అక్క నవ్వేసింది. "పద, ఏడుపు మొహమా. కోర్టు ఖాళీగానే ఉంది. తేలని పాయింటు మళ్లీ ఆడాలి, అంతేగా!"

ఆడారు. అక్క కొట్టిన బంతి వెనక గీత దగ్గర దుమ్ము లేపింది. ఎంత పరుగెత్తినా ఆమెకు అందలేదు.

ఈసారి ఆమె మోకాళ్ల మీద కూర్చుని గుర్తును వెతికి చూసింది. వెంట్రుకవాసిలో గీతకు తగిలింది.

"లోపలే అక్కా!" కోర్టంతా వినబడేలా అరిచింది.