పలికేదాకా

“పోటు ముందే వచ్చేస్తే ఏం చేస్తాం అత్తా? గాలి చూడు, ఎలా తిరిగిందో.”

కమదొ ముసలమ్మ ఆగలేదు. మొగలి పొదల్ని కర్రతో తట్టుకుంటూ ముందు నడుస్తోంది. “సముద్రం నిన్నడిగి రాదు, నన్నడిగి పోదు. నడు.”

“పొదల్లో హబు పాముంటే?”

“ఉంటే నీ గొంతుకి ఈపాటికి ఊరు దాటేసుంటుంది.”

మిత్సుయో వెనక్కి తిరిగి చూసింది. ఏడేళ్ల అయుమి తలొంచుకుని వస్తోంది. ఎడమచెయ్యి గౌను జేబులోనే ఉంది. మొన్న బండ మీంచి కాలు జారి నీళ్లలో పడ్డ దగ్గర్నుంచీ పిల్ల నోట మాట లేదు, ఆ చెయ్యి జేబులోంచి తీసిందీ లేదు. అన్నం తింటున్నా అంతే, పడుకున్నా అంతే. గౌను మారిస్తే పిడికిలి బిగించుకునే ఉండి, కొత్త జేబు కనపడగానే అందులో దూర్చేసేది.

“చెయ్యి చచ్చుబడిందేమో అత్తా. డాక్టరు ఏమీ లేదన్నాడు గానీ ఆయన సరిగ్గా చూళ్లేదు.”

“జబ్బయితే డాక్టరు, జడుపయితే మనం,” అంది ముసలమ్మ. “మనిషి జడుసుకుంటే మబుయి, లోపలుండే ఆత్మ, ఒంట్లోంచి జారి పడిపోతుంది. ఇంటికి దారి తెలీదు దానికి. పడ్డచోటే కూచుని ఉంటుంది, ఎవరొచ్చి తీసుకుపోతారా అని.”

“అల వచ్చి ఈడ్చుకుపోతే?”

“నువ్వు కాస్త నోరు మూసుకుంటే అదే వస్తుంది.”

చెరుకుతోట దాటి రాళ్ల సందులోంచి దిగితే ఆ ఇసుక ఒడ్డు. అటూ ఇటూ కొండ, ఎదురుగా నీళ్లు. పక్కింటి తోయమా వాళ్ల తోటలోంచి తప్ప దారి లేదు గనక రెండిళ్ల వాళ్లు తప్ప ఎవరూ రారు. ఇన్నాళ్లూ మిత్సుయోకి అదే ఇష్టంగా ఉండేది. ఇవాళ అదే భయమేసింది. ఇక్కడ ఏదన్నా జరిగితే, కేకేసినా వినే దిక్కు లేదు. నీళ్లు అప్పుడే పగడపు దిబ్బ మీదికి పాకుతున్నాయి.

ముసలమ్మ ఒక రాతి మీద అన్నం ముద్ద పెట్టి దణ్ణం పెట్టింది. “పడ్డచోటికి పోయి పేరు పెట్టి పిలువు. మూడు రాళ్లు ఏరు. ఏరాక మాట్లాడకూడదు. తెచ్చి దాని చేతిలో పెట్టు. అది ‘వచ్చాను’ అనేదాకా నీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. వచ్చిందా, మబుయి మళ్లీ వెనక్కి.”

“అది పలక్కపోతే?”

“పలికేదాకా ఊరుకోవడమే. తోయమా మేక కుమ్మి జడుసుకున్నప్పుడు, రాళ్లు ఏరాక నేను పొద్దున్నించీ దీపాలు పెట్టేదాకా నోరు మెదపకుండా ఊరుకోలేదూ? అయుమి చూసింది, ఆరోజంతా నా వెనకే తిరిగింది.” కోడల్ని ఎగాదిగా చూసింది. “నువ్వు ఊరుకోగలవా అన్నదే నా అనుమానం.”

మిత్సుయో మోకాలు లోతు నీళ్లలో బండ దగ్గరికి నడిచింది. “అయుమీ, రామ్మా, ఇంటికి పోదాం.” మళ్లీ పిలిచింది, మళ్లీ పిలిచింది. చేత్తో తడిమి మూడు గులకరాళ్లు ఏరి, పిడికిట్లో బిగించి, పెదాలు కరుచుకుని ఒడ్డుకొచ్చింది.

పిల్ల ముందు మోకాళ్ల మీద కూచుని పిడికిలి చాపింది.

అయుమి తల అడ్డంగా ఊపింది.

తీసుకోదేం? మబుయే వద్దంటోందా? మిత్సుయోకి అరవాలనిపించింది, అరవకూడదు. జేబులో ఉన్న ఆ చెయ్యి పట్టుకుని లాగింది. ఇన్నిరోజులూ బిగుసుకున్న పిడికిలి తేలిగ్గా తెరుచుకుంది.

అందులో మూడు గులకరాళ్లు ఉన్నాయి. చెమటకి తడిసి నున్నగా మెరుస్తున్నాయి.

ముసలమ్మ వంగి చూసింది. “ఇవెక్కడ ఏరావే?”

అయుమి గడ్డంతో చూపించింది. బండ వైపు కాదు. ఇవతల, గవ్వల గుట్ట పక్కన ఇసుక వైపు. మొన్న పిల్ల తనంతట తనే లేచి, దగ్గుకుంటూ ఒడ్డుకొచ్చేశాక కూడా, మిత్సుయో కేకలు పెడుతూ కూలబడిపోయిన చోటు.

పిల్ల ఆ రాళ్లని తల్లి ఖాళీ చేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది. మొన్నట్నుంచీ ఎన్నిసార్లు ఇలాగే దగ్గరికొచ్చిందో మిత్సుయోకి అప్పుడు గుర్తొచ్చింది. వచ్చినప్పుడల్లా తను నుదురు పట్టి చూసింది, నాలుక చాపమంది.

“రెండో చేతిలోవి పారెయ్యి,” అంది ముసలమ్మ నెమ్మదిగా. “అవి వట్టి రాళ్లే. జడుసుకుంది నువ్వు, ఇప్పుడు పలకాల్సిందీ నువ్వే.”

మిత్సుయో కదల్లేదు. ముసలమ్మ పొరపడితే? తను నోరు విప్పగానే పిల్ల మబుయి సముద్రంలోకి పోతే? ఊరుకుంటే పిల్ల ఎప్పటికీ ఇలాగే ఉండిపోతే? నీళ్లు మడమలకి తగిలాయి. అయుమి పెదాలు బిగించుకుని అమ్మ మొహంలోకే చూస్తోంది.

చాలాసేపటికి, బండ దగ్గర ఏరిన రాళ్లు ఒక్కొక్కటే నీళ్లలో పడ్డాయి.

“వచ్చాను,” అంది మిత్సుయో.

అయుమి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని నోరు విప్పింది.

“ఇంకోసారి పారేసుకోకమ్మా.”