వేరే గిన్నెలు

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు దేవన్న స్టవ్ ఆపేసి వంటగదిలోంచి పెరట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఒంటిగంటకు భోజనానికి అతిథి రావాలి.

సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఆవుల ఫారం పక్కన ఉన్న ఆ గెస్ట్‌హౌస్‌లో దేవన్న వంటవాడు. గెస్ట్‌హౌస్ కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి వాళ్లను తెచ్చుకున్న యజమానిది. ఊరు జగిత్యాల దగ్గర. ఇన్‌చార్జి గౌస్ మొహిద్దీన్‌ది రాయచోటి. ఊడవడం, మరుగుదొడ్లు కడగడం చెంచయ్య పని.

గౌస్ ఫోన్ పట్టుకొని వెనకే వచ్చాడు.

"ఏందప్పా, స్టవ్ ఆర్పేసినావు?"

"నేను వండ."

"తమాషాగా ఉండాదా నీకు? వచ్చేది కఫీల్ అమెరికాలో చదువుకున్న ఊరాయన. కఫీల్‌కు దోస్తు. రియాద్‌లో అన్ని మతాల వాళ్ల మీటింగ్ ఉంటే వచ్చినాడు."

"ఎవలైతేంది? నేను జేసిన మటన్ తినడట, చేపనే గావాల్నట. మన గిన్నెలల్ల వండితె తినడట. గిన్నె, కత్తి, పళ్లెం అన్ని ఆయనే మోసుకొస్తున్నడట. ఆఖరికి పొయ్యి గూడ ఆయనే ముట్టియ్యాల్నట. నేను ముట్టిస్తె ఏమైతది?"

"యూదులప్పా వాళ్లు. వాళ్ల మతంలో అట్ల. నువ్వనే కాదు, నేను వండినా తినడు. కఫీల్ వండినా తినడు."

"కఫీల్ ఎన్నడు వండిండు, తినకపోనికి?"

గౌస్‌కు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"గివన్ని నాకు జెప్పకన్నా," అన్నాడు దేవన్న. "గిన్నెలు ఎందుకు వేరు పెడ్తరో నాకు తెల్వదా? పుట్టినకాంచి మా ఊర్ల జూస్తున్న. మతమంటరు, పద్ధతంటరు. లోపట ఉండేది ఒక్కటే, ఎదుటోని చెయ్యి తాకొద్దని."

"సంధ్యకు ఈ నెల్లోనే కదా కాన్పు?"

దేవన్న పెళ్లాం కాన్పుకు ఇంటికి వెళ్లడానికి సెలవు అడిగి ఎదురుచూస్తున్నాడు.

"నీ ఎగ్జిట్ రీఎంట్రీ కఫీల్ ఫోన్లో ఉండాది. నొక్కితే పోయి, బిడ్డను చూసుకొని వస్తావు. ఆయన తినకుండా లేచినాడనుకో, కఫీల్ నొక్కేది ఫైనల్ ఎగ్జిట్. పోతావు, మళ్లీ వచ్చేది ఉండదు. నీ ఇష్టం."

పెరడు ఊడుస్తున్న చెంచయ్య చీపురు ఆపాడు. "పోనీలే అన్నా. ఒక్క పూటేగదా, ఓర్చుకో."

"నీకేం దెలుస్తది చెంచయ్యా. ఆ బాధ పడెటోనికే తెలుస్తది."

చెంచయ్య చీపురు తీసుకొని కారు షెడ్డు వైపు వెళ్లిపోయాడు.

గేటు దగ్గర హారన్ మోగింది. దేవన్న లేచి చేతులు కడుక్కున్నాడు.

అతిథి ఒక్కడే దిగాడు. కఫీల్ రియాద్‌లో ఆగిపోయాడు. అతిథి పేరు సైమన్. అరవై దాటి ఉంటాయి. నెత్తిన చిన్న టోపీ, చేతిలో సంచి. తిన్నగా వంటగదిలోకి వచ్చి రెండు గిన్నెలు, కత్తి, పళ్లేలు బల్ల మీద పెట్టాడు. చేపను తిప్పి చూశాడు. పొలుసున్న చేపే వాళ్లు తినాలి, అందుకే తీయకుండా ఉంచమని ముందే చెప్పించాడు. లైటర్ తీసుకొని స్టవ్ ముట్టించాడు.

దేవన్న గోడకు ఆనుకొని నిలబడ్డాడు. బయటికి పొమ్మనే మాట కోసం చూస్తున్నాడు.

సైమన్ కత్తిని పిడి వైపు నుంచి అతని చేతికి ఇచ్చి ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"వండమంటున్నాడు," అన్నాడు గౌస్. "ఆయనకు వంట రాదంట. ఇంట్లో ఆవిడ వంటింట్లోకి రానీదంట."

దేవన్న కత్తి వంక చూశాడు.

"అన్నా, ఒకటి అడుగు. నేను తాకితె ఆయన గిన్నె మైలపడదా అని."

"అదిప్పుడు అడగాల్నా?"

"అడుగు. అడిగినంకనే వండుత."

గౌస్ మెడ తుడుచుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు.

సైమన్ కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఆయన ఒక్కో మాటా చెప్తుంటే గౌస్ తెలుగులో చెప్పుకుంటూ వచ్చాడు.

"నువ్వు తాకితే ఏదీ మైలపడదంట. నిప్పు వాళ్లు ముట్టించాల, తినేది వాళ్లకు సరిపడాల, అంతేనంట. ఒకప్పుడు ఆ నియమం వెనక బయటివాళ్లతో కలవకూడదనేది కూడా ఉండేదంట, అది దాచనంటున్నాడు. వాళ్ల ఊర్లో ఈయన పని ఇదేనంట. మసీదు వాళ్లను, చర్చి వాళ్లను, వాళ్లోళ్లను ఒకచోట కూర్చోబెట్టి, మనసులో ఉండేది అడగమనడం. ఏళ్లు పట్టుద్దంట ఒకరు నోరు తెరిచేదానికి. నువ్వు వచ్చీరాంగనే అడిగినావంటున్నాడు."

దేవన్న చేపను దగ్గరికి లాక్కున్నాడు. పొలుసు గీకడం మొదలుపెట్టాడు.

అన్నం, చేప తయారయ్యాక సైమన్ తన పళ్లేలే బల్ల మీద పరిచాడు. వండినవాళ్లు కూడా కూర్చోవాలన్నాడు. గౌస్ కూర్చున్నాడు. దేవన్న కూర్చున్నాడు. ఒక పళ్లెం మిగిలింది.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అంటున్నాడు," అన్నాడు గౌస్.

"ఎవ్వల్లేరు," అన్నాడు దేవన్న.

గౌస్ అతని వైపు చూసి, నీళ్లు తాగాడు.

సైమన్ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. వెళ్లేటప్పుడు దేవన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కారు గేటు దాటిన కాసేపటికి గౌస్ ఫోన్ మోగింది.

"కఫీల్ రీఎంట్రీ నొక్కేసినాడప్పా. సంధ్యకు ఫోన్ చేసి చెప్పు, వస్తాండావని."

దేవన్న పెళ్లానికి ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు. "నా చెయ్యి పట్టుకున్నడే," అన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. తర్వాత టీ పెట్టి, గౌస్‌కు ఇచ్చి, పెరటి తలుపు తీసి చెంచయ్యను పిలిచాడు.

చెంచయ్య గడప బయటే నిలబడి తన గ్లాసు చాపితే, దేవన్న చెయ్యి తగలకుండా పైనుంచి పోశాడు.