చేపల రాణి ఒట్టు

“నన్ను చంపాలనే పెట్టింది! ముందు దాన్ని తెచ్చి నా కళ్ళముందు నిలబెట్టండి!”

ఆసుపత్రి మంచం మీద కూర్చుని నానా ఎకువా అరిచిన అరుపుకి కిటికీ అవతల గడ్డి మేస్తున్న మేకలు కూడా బెదిరాయి. ఆమె ఆ రేవుకి చేపల రాణి; అందుకే అందరూ ‘నానా’ అని గౌరవంగా పిలుస్తారు. పడవల్లో వచ్చిన చేపకి ధర కట్టేది ఆమే. చేపలమ్మే ఆడవాళ్ళంతా ఆమె ముందు చెప్పులు విప్పి నిలబడతారు.

అంతటి మనిషికి, తాను గద్దెనెక్కిన రోజుకి గుర్తుగా ఇవాళ జరిగిన పండగ విందులోనే, ముఖం పొంగి కళ్ళు సగం మూసుకుపోయాయి. ఒళ్ళంతా దద్దుర్లు. ఆమె ఒక్కతే కాదు. కానాగంత చేపల వేపుడు తిన్నవాళ్ళందరికీ నోరు మండింది, గుండె దడదడలాడింది. ఉబ్బసం ఉన్న ఆమె తమ్ముడు క్వామెనా పక్క మంచం మీద ఆక్సిజన్ గొట్టంతో ఎగశ్వాస తీస్తున్నాడు. అటు చూసినప్పుడల్లా ఆమె కోపం రెట్టింపవుతోంది.

వంట చేసిన అరబాని ఇద్దరు ఆడవాళ్ళు రెక్క పట్టి లాక్కొచ్చారు. దారిలో చెంపదెబ్బలు కూడా పడ్డాయి.

“నేనూ అదే తిన్నాను నానా. నా చేతులు చూడండి, దద్దుర్లు!”

“నాటకాలాడకు! విషం పెట్టేవాళ్ళు కాస్త నాకి చూపిస్తారు. నీ మొగుడు పోతే నీకు బతుకుతెరువు చూపించింది ఎవరే? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? ఇవాళే మూట కట్టుకుని ఊరు దాటు!”

అరబా నేల మీద కూలబడింది. ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోతుంది?

సూది మందు పట్టుకుని నర్సు ఎస్సెల్ విసురుగా వచ్చింది. “ఇది ఆసుపత్రా, చేపల సంతా? విషం లేదు, ఏమీ లేదు. ఆవిణ్ణి వదలండి.”

“మరేంటి? ఎలర్జీ అంటావా? పుట్టినప్పట్నుంచీ తింటున్న చేప!”

“ఎలర్జీ అయితే ఏ ఒకరికో ఇద్దరికో వస్తుంది. విందుకొచ్చిన వాళ్ళందరికీ ఒక్కసారే రాదు. ఎలర్జీలో మన ఒంట్లోంచే హిస్టమిన్ అనేది విడుదలవుతుంది. దాంతో రక్తనాళాలు వదులై నీరు బయటికి ఊటలా వస్తుంది. అందుకే వాపు, దురద. ఊపిరి గొట్టాలు కూడా బిగుసుకుంటాయి. ఈసారి అది మీ ఒంట్లో పుట్టలేదు, చేపలో పుట్టింది. కానాగంతని ఎండలో వదిలేస్తే సూక్ష్మజీవులు దాని కండలోనే హిస్టమిన్ తయారుచేస్తాయి. వాసన కూడా తెలియకపోవచ్చు. ఒకసారి పుట్టాక వేయించినా పోదు, ఉడికించినా పోదు. ఇందులో వంటమనిషి చేసిందేమీ లేదు.”

నానా కోపం చల్లారలేదు. దారి మాత్రం మార్చుకుంది.

“ఆ చేపలు తెచ్చిన పడవ సరంగు ఎబో ఏడీ? ఎక్కడ దాక్కున్నాడు?”

తలుపు దగ్గరున్న ఆడవాళ్ళని తప్పించుకుంటూ ఎబో ముందుకొచ్చాడు.

“నీ పడవ చేపలేగా?”

“అవును నానా.”

“ఒడ్డుకెప్పుడొచ్చావు?”

“నిన్న తెల్లవారుజామున.”

“ఐసు లేదా?”

“ఉంది. పెట్టె పడవ పక్కనే ఉంది.”

“మరి అందులో వేయడానికి ఏం రోగంరా? చేతులు పడిపోయాయా?”

ఎబో నేలచూపులు చూశాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఆ చూపులు అగ్నికి ఆజ్యం పోశాయి. నానా మంచం దిగింది. నర్సు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

“నా తమ్ముడు గాలి కోసం కొట్టుకుంటున్నాడు. మీరేమో దొంగని దాస్తున్నారు! సరే, వినండి. సముద్రదేవుడు బోసొంపో సాక్షిగా...”

“వద్దు నానా, ఒట్టేయకండి!” అరబా ఆమె కాళ్ళ మీద పడింది.

“నీకెందుకే అంత నొప్పి? వీడు నీకేమవుతాడు?” అని నానా ఆమెని కాలితో పక్కకి నెట్టేసింది. “బోసొంపో సాక్షిగా చెబుతున్నా. ఆ చేపలు ఎండలో పడుండడానికి కారణం ఎవరైనా సరే, బతికుండగా ఈ రేవు ఇసుక మళ్ళీ తొక్కకూడదు. తొక్కితే సముద్రమే మింగాలి!”

ఆ దేవుడి మీద వేసిన ఒట్టుకి తిరుగులేదు. ఆ సంగతి ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. గుమ్మంలో ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఇప్పుడైనా నోరు విప్పరా! ఎవరా మనిషి?”

“మీరు చెయ్యి వేసి ధర కట్టందే ఒక్క చేపా పడవలోంచి కదలకూడదన్నది మీ కట్టడే కదా నానా, నిన్న పండగకి కొప్పు కట్టించుకుని మీరు రేవుకొచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది” అన్నాడు ఎబో.