నెమలి సగంలో ఉండగా

ఇప్పుడు ఎవరికీ శాశ్వతమైన జోడీ లేదు. రంగులవాళ్ళు, నేతవాళ్ళు, కొట్లవాళ్ళు అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారు. ఆ రోజు ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలో పొద్దున్నే గోడ మీది పెట్టె చెబుతుంది. ఉప్పాడ జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఆ ఇద్దరినీ కూడా అదే మారుస్తుంది.

ఈ రోజు వీరవేణిని వెనక వీధి మగ్గానికి వెళ్ళమంది. ఆమె లేవబోతే ఆడపడుచు నూకరత్నం చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"చీర మీద నెమలి సగంలో ఉంది. మొన్న నిన్ను పంపితే, నీ చోట కూచున్నామె పలక దెబ్బ గట్టిగా పడి చీరకి అడ్డంగా చార వచ్చింది. ఇంక నిన్ను పంపను."

అంతలో వీరవేణి బదులు నేయాల్సిన గౌరి క్యారేజీతో గుమ్మంలోకి వచ్చింది.

"రామ్మా, కాఫీ తాగు. మగ్గం మీద మాత్రం మా మరదలే కూచుంటాది," అంది నూకరత్నం.

"జోడీ మార్చుకోకపోతే మీ మగ్గాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేస్తాం. ఆర్డర్లు రావు," అంది పెట్టె మర్యాదగా.

"తీసెయ్," అంది నూకరత్నం. "ఈ మగ్గం నీ కరెంటుతో ఆడట్లేదు, మా కాళ్ళతో ఆడతాంది. చీరలు భుజానేసుకుని గడప గడపకీ మేమే తిరుగుతాం."

గౌరి కింద పెట్టబోయిన క్యారేజీని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"కాఫీ తర్వాత తాగుతానండి. నాతో జోడీగా నేసే మా పిన్నిని ఈ పెట్టె చివరి వీధికి తోలేసింది. ముందు ఆవిణ్ణి మా మగ్గం మీదకి తెచ్చుకోవాలి."