మిగిలిన పిండి

తణుకులో టిఫిన్ హోటళ్లన్నీ ఇప్పుడు ఒకే కంపెనీవి. రేపు ఎంతమంది తింటారో గోడమీది అంచనా పెట్టె ముందే చెబుతుంది. పిండి చాలకపోయినా, మిగిలినా కంపెనీ ఆ హోటల్ మూయించేస్తుంది.

నిన్న నేను పూజ ముగించి వచ్చేసరికి మా హోటల్లో పెట్టె మొదటిసారిగా, "రేపటి సంగతి తెలియదు" అంది.

"పప్పెంత నానబొయ్యమంటారండీ?" అని మా ఆవిడ మాణిక్యం అడిగింది.

"స్వామికే తెలియాలి."

"ఆయనొచ్చి రుబ్బుతారేంటి!" అని పకపకా నవ్వి, కొలత గిన్నె పక్కన పడేసి దోసిళ్లతో పోసేసింది.

ఇవాళ అందరూ తిన్నాక గిన్నెడు పిండి మిగిలింది. ఇక మా హోటల్ మూతే అనుకున్నాను. సాయంత్రానికి పిండి పులిసింది. మాణిక్యం అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పునుగులు వేసింది. పెట్టెలొచ్చాక ఎక్కడా పిండి మిగలక ఊరు పునుగులే మరిచిపోయింది. ఆ వాసనకు వీధంతా పరుగెత్తుకొచ్చింది.

"వదినా, నాకో పొట్లం!"

"తోయకండర్రా, నూనె!"

అన్నీ తెలిసిన స్వామి రేపటిని మనకు చెప్పనిది ఇందుకేనా?

ఇంతలో కంపెనీ తనిఖీదారు వచ్చాడు. మాణిక్యం అతని చేతిలోనూ ప్లేటు పెట్టింది. నాలుగు తిన్నాక, "మిగిలిన పిండేదండీ?" అన్నాడు.

"మీ నోట్లోనే ఉంది బాబూ."

అతను నమిలి మింగి, పెట్టెకు వినబడకుండా మాణిక్యాన్ని అడిగాడు: "రేపూ మిగులుద్దాండీ?"

"ఏమో! ఆకలితో రండి, చూద్దాం."