కొత్త గొంతు

"ఈసారి ఒక్క కొత్త గొంతయినా రాకపోతే దుకాణం కట్టేద్దాం," అంది నోలీన్, శుక్రవారం సాయంత్రమే.

ఎవరూ కాదనలేదు. కాదనడానికి పట్టుమని పదిమంది లేరు.

గోల్బర్న్ మోటెల్‌లో ఏటా చలికాలం జరిగే సంబరం అది. రాకెట్ల మీద, వేరే గ్రహాల మీద, చదివిన నవలల మీద పాటలు కట్టుకునే అభిమానులు చేరతారు. వాళ్ళే పాడుకుని, వాళ్ళే చప్పట్లు కొట్టుకుని, లామింగ్టన్ కేకులు తిని ఇళ్ళకు పోతారు. ఒకప్పుడు కుర్చీలు చాలక కిటికీల్లో కూర్చునేవారు. డెస్ బాంజో మోతకు హాలు పైకప్పు రేకులు లేచిపోయాయనీ, అవి ఇప్పటికీ కాన్‌బెర్రా మీద తిరుగుతున్నాయనీ చెప్పుకుంటారు. ఇప్పుడు డెస్‌కు మెట్లెక్కితేనే ఆయాసం.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి కూటమి. అప్పటికి పాడి పాడి అందరూ ఎక్కడివాళ్ళక్కడ పడి ఉంటారు గనక దానికి 'చచ్చిన కుక్క' అని పేరు. నోలీన్ ప్రతి ఏడూలాగే లాబీలో బోర్డు పెట్టింది: చచ్చిన కుక్క, భోజనాలయ్యాక, వెనక హాలు, అందరూ రావచ్చు.

వచ్చే ఏటికి హాలు కావాలో వద్దో సాయంత్రంలోగా చెప్పమన్నాడు మోటెల్ మేనేజరు. పెళ్ళివాళ్ళెవరో అడుగుతున్నారట. నోలీన్ తన చేతులతో మొదలుపెట్టిన సంబరం. 'వద్దు' అన్న ముక్క చెప్పలేక పొద్దుటినుంచీ మేనేజరు కంట పడకుండా తిరుగుతోంది.

"ఇంకెవరొస్తార్లే నోలీనక్కా, తలుపెయ్యి. చలి," అన్నాడు డెస్.

ఆమె తలుపు దాకా వెళ్ళింది. అవతల ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. వెడల్పాటి టోపీ ఒక చేతిలో, తోలు పట్టీ ఒక చేతిలో.

"లోపలికి రావచ్చాండీ? లాబీలో బోర్డు చూశాను."

"రావచ్చా ఏమిటి బాబూ, రండి రండి." ఆ పట్టీ చూసి నోలీన్ ప్రాణం లేచొచ్చింది. "గిటారు కార్లో ఉందా?"

"గిటారా? నాకు రాదండీ. నా పేరు మర్వ్."

గిటారు రాకుండా పట్టీ మోసుకు తిరిగేవాళ్ళను ఆ హాలు చాలామందినే చూసింది. ఎవరూ నవ్వలేదు. ఏటా వచ్చే గ్లెనిస్ లేచి ఆయనకు హీటరు పక్క తన కుర్చీ ఇచ్చింది. ఆవిడ కుర్చీ ఇవ్వడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

మర్వ్ చుట్టూ కూర్చున్నవాళ్ళను కలియజూశాడు. వాడిపోయిన ముఖాలు, ఎర్రబడ్డ కళ్ళు, బొంగురుపోయిన గొంతులు.

"మనలాంటి వాళ్ళు ఇంతమంది ఉంటారనుకోలేదండీ," అన్నాడు మెల్లగా. "మా ఇంట్లో నవ్వుతున్నారు. ఈ వయసులో దీనికోసం ఇంత ఇదైపోతావేంటని."

"మా అమ్మాయీ అదే మాట," అంది గ్లెనిస్. "డాక్టరుకు చూపించుకోమంటుంది."

"మా ఆవిడయితే షెడ్డులోకి తోలేసింది," అన్నాడు డెస్. "ఇక్కడ ఎవరూ నవ్వరు గురూ. కొత్తవాళ్ళదే మొదటి వంతు. దేనిమీద?"

"స్టెల్లా మీద."

స్టెల్లా అంటే తార. అంతరిక్షంలో తిరిగే ఓడకు అంతకంటే మంచి పేరుందా? అందరూ కుర్చీల్లో ముందుకు జరిగారు.

"ఎన్నాళ్ళు తిరిగిందేం మీ స్టెల్లా?" అన్నాడు డెస్. కట్టిన కథను నిజంలాగే అడగడం అక్కడి మర్యాద.

"పదమూడేళ్ళు. ఆఖర్లో వెనక వైపు పట్టు తప్పిపోయింది."

"బలమంతా వెనకే కదా మరి," అన్నాడు డెస్, అన్నీ తెలిసినవాడిలా.

"అవునండీ. నాకు మాటలు చేతకావు. పొద్దుపోయాక దాన్ని పిలవడానికి ఒక పాట పాడేవాణ్ణి. దానికే ఇంకో రెండు ముక్కలు కలిపి పాడతాను."

ముందు ఒక ఈల వేశాడు. పొడుగ్గా, రెండు విరుపులతో. మైదానం అవతలికి వినిపించే ఈల. తర్వాత ఎత్తుకున్నాడు.

"రావే స్టెల్లా, రావే, పొద్దు గుంకెను రావే,
ఎంత దూరమేగినా ఇంటి దారి నీదే.
కన్నులు రెండూ ఆరె, కదలవైతివేలే,
నా చేతులతో నేడు నిన్ను నేలకు దించితినే."

గొంతు బాగాలేదు. మూడో పాదంలో జీర వచ్చి ఆగి, మళ్ళీ సాగింది. ఆయన మళ్ళీ ఈల వేసి, ఎవరో వస్తారన్నట్టు కాసేపు తలుపు వైపు చూశాడు.

గ్లెనిస్ ముక్కు చీదింది. డెస్ బాంజో ఒళ్ళోంచి తీసి కింద పెట్టేశాడు. దీపాలు ఆరిపోయిన ఓడను ఒంటిచేత్తో నేలకు దించడమంటే మాటలా? దాని మీద ఇంత చక్కగా ఎవరూ కట్టలేదని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

నోలీన్ అక్కడ లేదు. అప్పటికే లాబీలో ఉంది.

"వచ్చే ఏడూ హాలు మాకే," అంది మేనేజరుతో. "ఆ పై ఏడూ మాకే. పెళ్ళివాళ్ళను గుడికో, గోదాముకో పొమ్మను."

పరుగులాంటి నడకతో తిరిగొచ్చి మర్వ్ పక్కన కూలబడింది. ఆమె కళ్ళు తడిగా ఉండడం చూసి ఆయన జేబురుమాలు తీసి ఇచ్చాడు. టీ కప్పు దగ్గరికి జరిపాడు. తోలు పట్టీ చుట్ట చుట్టి జేబులో పెట్టుకుని, ఆమె భుజం తట్టాడు.

"ఇక మీ వంతు, చెప్పండమ్మా, మీ కుక్క ఎప్పుడు పోయింది?"