మొద్దు చప్పుడు

"నమాజు ఏళకే వస్తదా నీకు మోకాళ్ల నొప్పి?" అని నా ఎనిమిదేళ్ల బిడ్డ ఇక్రాను నెల రోజులుగా కసురుతున్నాను. నిన్న ఒక దెబ్బ కూడా వేశాను.

ఈ రాత్రి తాండూరు ఆసుపత్రి వరండాలో ఎక్స్‌రేను ట్యూబులైటుకు ఎత్తి చూశాను. రెండు మోకాళ్ల దగ్గరా ఎముకకు అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు, ఒకేలాంటి నల్ల గీత.

"రక్తం క్యాన్సర్ల కొందరు పిల్లలకు ఇట్ల గీతలు పడ్తయి, వలీ భాయ్. రక్తం రిపోర్టు గూడ మంచిగ లేదు. పొద్దుగాల్నే హైదరాబాద్ తీస్కపో," అన్నాడు డాక్టరు.

ఇరవై ఏళ్లుగా నాపరాళ్లు కోస్తున్నాను. మంచి బండను తడితే ఖంగుమంటుంది. లోపల పగిలింది మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా చీకట్లో కూడా చెప్పగలను. అల్లా నాకీ చెవులు రాళ్ల కోసమే ఇచ్చాడా?

బయట రాత్రి నమాజుకు పిలిచే ఇషా అజాన్ మొదలై, ఆగింది. వరండా అంతా నిశ్శబ్దం. వెనక ఏదో కదిలింది. తిరిగి చూస్తే, ఇక్రా బెంచీ దిగి గోడ పట్టుకుని నిలబడింది.

"ఇయ్యాల నమాజుకు కూసుంట అబ్బా. కొట్టకు."

వద్దనేలోపే బిడ్డ మోకాలు నేల మీది బండను తాకింది.

మొద్దు చప్పుడు.